తాబేలు దారిని భిన్న కలనం చెప్పగలదా?

నడిసముద్రంలో ఒక తాబేలు, ఉదయం బయలుదేరిన చోటి నుంచి మర్నాటి ఉదయానికి 40 కిలోమీటర్ల దూరం చేరిందనుకుందాం. నాలుగు రోజులు గడిచాక అది ఎంత దూరంలో ఉంటుంది? 160 కిలోమీటర్లని మీరు వెంటనే అంటారు. ఒకే దిక్కుకు తిన్నగా ఈదితే ఆ లెక్క సరైనదే. అలా కాక, ప్రతి ఉదయమూ నిన్నటి దిక్కు మరిచిపోయి ఏదో ఒక వైపు తిరిగే తాబేలైతే, నాలుగు రోజుల తర్వాత సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. నాలుగు రెట్ల కాలానికి రెండు రెట్ల దూరమన్నమాట. కదలని నీటిలో సిరాచుక్క వ్యాపించేది ఈ పద్ధతిలోనే. దీన్ని విసరణ అంటారు.

మరి మన తాబేలు 80 దగ్గరా కాక, 160 దగ్గరా కాక, 113 కిలోమీటర్ల దగ్గర కనిపిస్తే? దూరపు వర్గం కాలంతోపాటు ఎన్నో ఘాతంగా పెరుగుతున్నదో చూడండి. మామూలు విసరణలో ఆ ఘాతాంకం 1. తిన్నని ఈతలో 2. ఈ మూడో తాబేలుకు ఒకటిన్నర. ఘాతాంకం 1 కాని వ్యాప్తిని శాస్త్రజ్ఞులు 'అసాధారణ విసరణ' అంటున్నారు. 1 కన్న ఎక్కువైతే అతివిసరణ, తక్కువైతే మందవిసరణ.

ఇలాంటి వ్యాప్తిని వర్ణించడానికి గణితజ్ఞుల దగ్గర ఒక సాధనం సిద్ధంగా ఉంది. దాని పేరు భిన్న కలనం. గత మూడు దశాబ్దాలలో ఆల్బట్రాస్ పక్షి మొదలుకొని సొరచేప వరకు ఎన్నో జంతువుల దారులకు దీన్ని, దీనికి దగ్గర బంధువులైన 'లెవీ' నమూనాలను అన్వయించారు. ఈ సాధనం ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ మనల్ని పొరబాటు పట్టిస్తుంది అన్నది పరిశీలిద్దాం. పరీక్షా స్థలంగా అండమాన్ నికోబార్ దీవులను తీసుకుందాం. అక్కడి తాబేళ్ళ ప్రయాణాలు ఉపగ్రహాల సాయంతో నమోదయ్యాయి. ఆ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల మీద పెద్ద నిర్ణయాలు కూడా జరిగాయి. కాబట్టి ఘాతాంకాన్ని తప్పుగా చదివితే కలిగే నష్టం కాగితం మీద ఆగిపోయేది కాదు.

సికిందరాబాదు దోమ వేసిన ప్రశ్న

జంతువుల కదలికను విసరణగా చూడడం మొదలైన తీరులో మన తెలుగునేలకూ కొంత పాత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ తర్వాత ఆయనను వేధించిన ప్రశ్న మరొకటి. ఒక ఊరి చుట్టూ దోమలు పుట్టే నీటి గుంటలను పూడ్చివేస్తే, బయటి దోమలు మళ్ళీ లోపలికి రావడానికి ఎంత కాలం పడుతుంది? ఎంత దూరం వరకు గుంటలు పూడ్చాలి? దోమ తిన్నగా ఎగిరిపోదు, అటూ ఇటూ తిరుగుతుంది, కాబట్టి చాలా దోమలు పుట్టినచోటికి దగ్గరలోనే ఉండిపోతాయని 1904లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఇచ్చిన ఉపన్యాసంలో రాస్ వాదించాడు.

లెక్క పూర్తి చేయడానికి ఆయన ఇంగ్లండులోని కార్ల్ పియర్సన్ సాయం కోరాడు. పియర్సన్ 1905 జులైలో 'నేచర్' పత్రికలో ఈ సమస్యను పాఠకుల ముందు పెట్టాడు. ఒక మనిషి కొంత దూరం నడిచి, ఏదో ఒక కోణంలో తిరిగి, మళ్ళీ అంతే దూరం నడుస్తాడు. ఇలా ఎన్నోసార్లు చేశాక బయలుదేరిన చోటి నుంచి ఫలానా దూరంలో ఉండే సంభావ్యత ఎంత? 'యాదృచ్ఛిక నడక' అన్న మాట అప్పుడే పుట్టింది. అడుగుల సంఖ్య చాలా ఎక్కువైనప్పుడు జవాబేమిటో, శబ్ద తరంగాల సందర్భంలో తాను ముందే సాధించానని లార్డ్ రేలీ జవాబిచ్చాడు. అదే ఏడాది ఐన్‌స్టీన్ బ్రౌనియన్ చలనంపై తన వ్యాసం ప్రకటించాడు. దోమ, తాగుబోతు, నీటిలో పుప్పొడి కణాల నుంచి వెలువడిన రేణువు, మూడూ ఒకే సమీకరణం కిందకు వచ్చాయి.

ఈ కలయికలోని అందాన్ని గుర్తించండి. దాని వెనుక ఉన్న షరతును కూడా గుర్తించండి. ప్రతి అడుగూ పరిమితమైనదై ఉండాలి. ఒక అడుగుకూ చాలా ముందటి అడుగుకూ సంబంధం ఉండకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా వర్గమూల నియమం తప్పవచ్చు.

సగం అవకలజం అంటే

ఒక ప్రమేయాన్ని ఒకసారి అవకలనం చేయవచ్చు, రెండుసార్లు చేయవచ్చు. అరసారి చేయగలమా? ఈ ప్రశ్నను 1695లో ఫ్రెంచి గణితజ్ఞుడు లోపితాల్ లైబ్నిజ్ ముందు పెట్టాడు. ఇది పైకి విరోధాభాసలాగే ఉన్నా ఏనాటికైనా ప్రయోజనకరమైన ఫలితాలు ఇస్తుందని లైబ్నిజ్ భావించాడు. 1823లో ఆబెల్, ఆ తర్వాత లియూవిల్, రీమన్ ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు.

ఒక ఉదాహరణ చూడండి. ఎక్స్ అనే చలరాశికి అవకలజం 1. దాని సగం అవకలజం, ఎక్స్ వర్గమూలానికి రెండు రెట్లను పై వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. ఆ ఫలితానికి మళ్ళీ సగం అవకలనం చేయండి. సరిగ్గా 1 వస్తుంది. రెండు సగాలు కలిసి ఒకటయ్యాయి. ఇందులో మాయ ఏమీ లేదు. కాని మామూలు అవకలజానికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మామూలు అవకలజం ఒక బిందువుకు ఆనుకుని ఉన్న విలువలను మాత్రమే చూస్తుంది. భిన్న అవకలజం మొదటి నుంచి ఇప్పటివరకు ఉన్న విలువలన్నింటినీ చూస్తుంది. దగ్గరి వాటికి ఎక్కువ బరువు, దూరపు వాటికి తక్కువ బరువు ఇస్తుంది. ఆ బరువు తగ్గడం కూడా నెమ్మదిగా, ఒక ఘాత నియమం ప్రకారం జరుగుతుంది.

విసరణ సమీకరణంలో కాలానికి భిన్న అవకలజం వాడితే, ఒక్కోచోట చాలాసేపు చిక్కుకుపోయి మళ్ళీ కదిలే కణాల మందవిసరణ వస్తుంది. స్థలానికి భిన్న అవకలజం వాడితే, ఎన్నో చిన్న అడుగుల మధ్య అప్పుడప్పుడు అతి పొడవైన గెంతులు వేసే కదలిక వస్తుంది. ఈ రెండో దానికి ఫ్రెంచి గణితజ్ఞుడు పాల్ లెవీ పేరు పెట్టారు. లెవీ గెంతులలో పొడవుకు సగటు చుట్టూ ఉండే విస్తృతి అనంతం. ఎంత పొడవైన గెంతు చూసినా, అంతకు మించినది ముందుముందు రావచ్చు.

ఈ గణితం గట్టిదని ఇతర రంగాలలో రుజువైంది. జిరాక్స్ యంత్రాలలో వాడిన స్ఫటికరహిత పదార్థాలలో విద్యుదావేశం ఎందుకంత వింతగా కదులుతుందో 1975లో షెర్, మాంట్రోల్ చిక్కుకుపోయే కణాల నమూనాతో వివరించారు. భూగర్భ జలాలలో కలిసిన రసాయనాలు వ్యాపించే తీరుకూ ఇలాంటి సమీకరణాలు ఉపయోగపడుతున్నాయి. చిక్కు వచ్చేదల్లా అదే సమీకరణాన్ని కళ్ళూ, ఆకలీ, గమ్యమూ ఉన్న జీవికి అన్వయించినప్పుడే.

లిటిల్ అండమాన్ నుంచి రెండు దారులు

ఇక మన పరీక్షా స్థలానికి వద్దాం. లెదర్‌బ్యాక్ తాబేలు సముద్రపు తాబేళ్ళన్నింటిలోకి పెద్దది. వీపు మీద గట్టి డిప్పకు బదులు తోలు వంటి చర్మం ఉంటుంది. ప్రధాన ఆహారం జెల్లీ చేపలు. మన దేశంలో ఇది చెప్పుకోదగ్గ సంఖ్యలో గుడ్లు పెట్టేది అండమాన్ నికోబార్ దీవులలోనే. 2004 డిసెంబరు 26 సునామీ ఆ తీరాలను చాలావరకు తుడిచిపెట్టింది. తర్వాత ఇసుక మళ్ళీ చేరింది. తాబేళ్ళూ మళ్ళీ వచ్చాయి.

లిటిల్ అండమాన్‌లోని సౌత్ బే, వెస్ట్ బే తీరాలలో దక్షిణ్ ఫౌండేషన్, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, అండమాన్ నికోబార్ పర్యావరణ బృందం శాస్త్రజ్ఞులు సునామీ తర్వాత ఏళ్ళ తరబడి గూళ్ళను లెక్కించారు. 2011 నుంచి 2014 వరకు పది ఆడ తాబేళ్ళకు ఉపగ్రహ సంకేత పరికరాలు అమర్చారు. గుడ్లు పెట్టడం ముగించాక అవి ఎక్కడికి వెళ్ళాయి? కొన్ని ఆగ్నేయంగా సుమత్రా, జావా దక్షిణ తీరాల వెంట ఆస్ట్రేలియా పడమటి వైపుకు సాగాయి. మరికొన్ని నైరుతి దిశగా హిందూ మహాసముద్రాన్ని దాటి మడగాస్కర్, ఆఫ్రికా తూర్పు తీరాల వైపు వెళ్ళాయి. వాటిలో ఒకటి 13 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది.

ఈ పది దారులను తీసుకుని, రోజురోజుకూ దూరపు వర్గాల సగటు కట్టి, భిన్న సమీకరణానికి సరిపెట్టామనుకుందాం. ఘాతాంకం 1 కన్న బాగా ఎక్కువే వస్తుంది. అతివిసరణ కనిపించిందని, అది లెవీ జాతికి చెందిన కదలిక అని రాసేయవచ్చా? తొందరపడకండి. కనీసం నాలుగు ఆక్షేపణలకు జవాబు చెప్పాలి.

సగటు తాబేలు లేదు

మొదటిది ఘాతాంకం గురించి. గమ్యం తెలిసి తిన్నగా వెళ్ళే జంతువుకు ఘాతాంకం 2 వస్తుంది. దానికి భిన్న కలనంతో పనే లేదు. కాసేపు దిక్కు నిలుపుకుని, తర్వాత క్రమంగా మార్చుకునే జంతువు మొదట్లో 2 వైపు, చాలాకాలం గడిచాక 1 వైపు చూపిస్తుంది. ఈ రెంటి మధ్యకాలంలో కొలిస్తే ఒకటిన్నర రావడం సహజం. అలాగే ఒక చోటికి కట్టుబడి తిరిగే జంతువు, ఉదాహరణకు తన గుడ్ల దిబ్బను వదలని నికోబార్ మెగాపోడ్ పక్షి, కొంతకాలం తర్వాత ఎక్కువ దూరం పోదు. దాని లెక్కలో ఘాతాంకం 1 కన్న తక్కువగా కనిపిస్తుంది. ఆ పక్షి ఎక్కడో 'చిక్కుకుపోయిందని' అనుకుంటే పొరబాటే. దానికి ఇల్లుంది, అంతే. ఒకే ఘాతాంకానికి ఇన్ని కారణాలు ఉండగలిగినప్పుడు, ఘాతాంకం నుంచి కారణానికి వెనక్కి నడవలేం.

పైగా ఒకే తీరం నుంచి బయలుదేరిన తాబేళ్ళు రెండు వేరు దిక్కులకు వెళ్ళాయి. వాటి స్థానాల సగటు తీస్తే, ఆస్ట్రేలియాకూ ఆఫ్రికాకూ మధ్య ఎక్కడో నడిసముద్రంలో ఒక 'సగటు తాబేలు' తేలుతుంది. అటువైపు ఏ తాబేలూ వెళ్ళలేదు. పరికరాలన్నీ ఒకే కాలం పనిచేయవన్నది కూడా మరవకండి. రోజులు గడిచేకొద్దీ సంకేతాలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. చివరి నెలల సగటు ఒకటి రెండు తాబేళ్ళ మీదే నిలబడుతుంది. గ్రాఫులో మనకు కనిపించే ఘాతాంకం జాతి స్వభావమా, లేక చివరివరకు బ్యాటరీ నిలిచిన తాబేలు స్వభావమా?

నీటి నడకా, తాబేలు ఈతా

రెండో ఆక్షేపణ సముద్రం గురించి. ఉపగ్రహం చూసేది తాబేలు నేల మీది అక్షాంశ రేఖాంశాలలో ఎక్కడుందన్నదే. అందులో తాబేలు ఈదినదెంత, నీరు మోసుకెళ్ళినదెంత? అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక లెదర్‌బ్యాక్ దారిని గాస్పార్ బృందం 2006లో పరిశీలించింది. ప్రవాహాల వేగాన్ని తీసివేసి చూస్తే, మెలికలు తిరిగి 'మేత వెతుకుతున్నట్టు' కనిపించిన భాగాలు కొన్ని నీటి కదలిక వల్ల వచ్చినవేనని తేలింది. ప్రవాహాలను లెక్కలోకి తీసుకోకపోతే జంతువు ప్రవర్తన గురించి తప్పు నిర్ణయాలకు వస్తామని వారు హెచ్చరించారు.

అండమాన్ సముద్రానికి ఈ హెచ్చరిక మరీ వర్తిస్తుంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో ప్రవాహాలు నైరుతి, ఈశాన్య ఋతుపవనాలతోపాటు దిశ మార్చుకుంటాయి. సముద్రంలోని సుడులు వందల కిలోమీటర్ల వెడల్పున ఉంటాయి. సుడులలో పడ్డ ప్లాస్టిక్ సీసా కూడా అసాధారణ విసరణ చూపగలదు. 1926లోనే రిచర్డ్‌సన్ గాలి సుడులలో రేణువులు ఒకదాని నుంచి ఒకటి ఎంత వేగంగా విడిపోతాయో చూపాడు. కాబట్టి తాబేలు ఘాతాంకాన్ని ప్రకటించే ముందు, అదే నీటిలో తేలే నిర్జీవ వస్తువు ఘాతాంకం ఎంతో చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడ్డ మన మత్స్యకార కుటుంబాలలో ఎవరినడిగినా, పడవ ఎంత నడిచిందో నీరు ఎంత లాగిందో వేరుగా చూడాలనే చెబుతారు. ఆ పోలికకు కావలసిన ప్రవాహాల సమాచారం కోసం విదేశాలకు పోనవసరం లేదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అలాంటి సమాచారంతోనే పనిచేస్తున్నది.

ఆల్బట్రాస్ నేర్పిన పాఠం

మూడో ఆక్షేపణ దత్తాంశాల గురించి. దీనికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1996లో విశ్వనాథన్, ఆయన సహచరులు 'నేచర్'లో ఒక వ్యాసం ప్రకటించారు. దక్షిణ జార్జియా దగ్గరి బర్డ్ ఐలండ్‌లో ఆల్బట్రాస్ పక్షుల కాళ్ళకు తడిని గుర్తించే పరికరాలు కట్టారు. పరికరం పొడిగా ఉన్నంతసేపు పక్షి ఎగురుతున్నట్టు లెక్క. ఆ ఎగిరే కాలాలు లెవీ నియమాన్ని అనుసరిస్తున్నాయని వారు చెప్పారు. 1999లో వారి మరో వ్యాసం, ఆహారం అరుదుగా దొరికేచోట గెంతుల ఘాతాంకం 2 దగ్గర ఉంటే వెతుకులాట అత్యుత్తమమవుతుందని వాదించింది. ఈ రెండూ కలిసి ఒక పెద్ద పరికల్పనకు దారితీశాయి. పరిణామమే జంతువులకు లెవీ నడక నేర్పిందని!

2007లో ఎడ్వర్డ్స్ బృందం అదే దత్తాంశాలను, కొత్తవాటిని కలిపి తిరిగి పరిశీలించింది. అతి పొడవైన 'గెంతులు' అసలు గెంతులే కావు. ప్రయాణం మొదట్లోనూ చివర్లోనూ పక్షి గూటి దగ్గర పొడినేల మీద ఉన్న సమయం కూడా ఎగిరిన సమయంగా నమోదయింది. వాటిని తీసివేస్తే లెవీ నియమం నిలవలేదు. తుమ్మెదలు, జింకల మీద చేసిన పాత నిర్ణయాలు కూడా అదే పరీక్షలో నిలవలేదు. రెండు అక్షాలకూ సంవర్గమానాలు తీసుకుని, చుక్కల గుండా స్కేలుతో గీత గీసి, వాలును ఘాతాంకంగా చదివే పద్ధతి ఎంత బలహీనమైనదో అప్పుడు చాలామందికి అర్థమైంది. అలాంటి గ్రాఫులో ఎన్నో వేర్వేరు నియమాలు సరళరేఖలాగే కనిపిస్తాయి.

కథ అక్కడితో ముగియలేదు. న్యాయంగా అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. 2008లో సిమ్స్ బృందం సొరచేపలు, ట్యూనా, కాడ్ చేపలు, పెంగ్విన్లు, లెదర్‌బ్యాక్ తాబేళ్ళు నీటిలో లోతుకు దిగి పైకి వచ్చే కదలికలలో లెవీ వంటి పోకడ ఉందని చూపింది. 2010లో హంఫ్రీస్ బృందం మరింత జాగ్రత్తగా చేసిన పనిలో, ఆహారం తక్కువగా ఉన్న నీళ్ళలో లెవీ వంటి కదలిక, సమృద్ధిగా ఉన్నచోట బ్రౌనియన్ వంటి కదలిక ఎక్కువగా కనిపించాయి. 2012లో కొన్ని ఆల్బట్రాస్‌లు మళ్ళీ లెవీ జాబితాలోకి వచ్చాయి. 2011లో మస్సెల్ గుల్లల మీద ఇలాంటి వాదనే వస్తే, రెండు మూడు రకాల మామూలు నడకలు కలిపినా అవే దత్తాంశాలకు ఇంకా బాగా సరిపోతుందని మరుసటి ఏడాదే మరో బృందం ఆక్షేపించింది. 2020లో లెవర్నియర్ బృందం, రెండు, మూడు పరిమాణాల స్థలంలో ఆ 'అత్యుత్తమ 2' సాధారణంగా చెల్లదని గణితపరంగా వాదించింది. దానిమీదా వాదోపవాదాలు నడిచాయి.

ఇందులో లిటిల్ అండమాన్ తాబేళ్ళకు వర్తించే పాఠం ఉంది. తాబేలు ఊపిరి కోసం పైకి వచ్చిన కొద్ది క్షణాలలోనే పరికరం ఉపగ్రహానికి సంకేతం పంపాలి. అందిన స్థానంలో పొరబాటు కొన్ని వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల వరకు ఉండవచ్చు. మధ్యమధ్య ఖాళీలు ఉంటాయి. రెండు రోజుల ఖాళీని సరళరేఖతో కలిపితే అది గ్రాఫులో ఒక పొడవైన 'గెంతు' అవుతుంది. ఆ గెంతు వేసింది తాబేలు కాదు, అందని సంకేతం.

సమీకరణపు జ్ఞాపకం ఎవరిది?

నాలుగో ఆక్షేపణ మాటల గురించి. కాలంలో భిన్న అవకలజం గతాన్నంతా చూస్తుందని చెప్పుకున్నాం. దీన్ని 'జ్ఞాపకం' అనడం వాడుక. తాబేలు తాను పుట్టిన తీరపు ప్రాంతాన్ని గుర్తుంచుకుంటుంది కదా, అందుకు తగిన గణితం ఇదే కదా అని అనిపించడం సహజం. కాని ఇది మాటల పోలిక మాత్రమే. చిక్కుకుపోయే కణాల నమూనాలో ప్రతి కణమూ ఒక గెంతు వేయగానే అంతకుముందు జరిగినదంతా మరిచిపోతుంది. గుంపు మొత్తానికి సమీకరణం రాస్తేనే గతం కనిపిస్తుంది. ఏ కణం ఎంతసేపుగా నిలిచి ఉన్నదో గుంపు లెక్కకు అవసరం కాబట్టి. ఆ సమీకరణంలో తీరం లేదు, ఇసుక వాసన లేదు, భూఅయస్కాంత క్షేత్రం లేదు. జీవి జ్ఞాపకాన్ని నమూనాలో పెట్టాలంటే దాన్ని విడిగా పెట్టాలి. భిన్న ఘాతాంకం ఆ పని చేసిపెట్టదు.

'గెంతు' అన్న మాటకూ ఇదే గతి. లెవీ గెంతు ఎంత పొడవైనా క్షణంలో ముగుస్తుంది. తాబేలు ఈదాలి, కాలం పడుతుంది. వేగానికి హద్దు పెడితే అది 'లెవీ నడక' అవుతుంది. అప్పుడు ఆ సరళమైన స్థల భిన్న సమీకరణం చెల్లదు, మరింత జటిలమైనది కావాలి. చాలా వ్యాసాలలో గెంతు అన్న మాటతో మొదలుపెట్టి, నడక అన్న మాటతో ముగించి, సమీకరణం మాత్రం మొదటిదే ఉంచుతారు.

దీవుల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నార్కొండాం హార్న్‌బిల్ పక్షి ప్రపంచం మొత్తంలో సుమారు 7 చదరపు కిలోమీటర్ల నార్కొండాం దీవిలోనే ఉంటుంది. చుట్టూ సముద్రం. అనంత విస్తృతి గల గెంతులకు అక్కడ చోటెక్కడ? మామూలు విసరణలో తీరం వద్ద ఏమవుతుందో ఒక్క నియమం రాస్తే సరిపోతుంది. స్థల భిన్న సమీకరణం ఒక బిందువు నుంచి దూరాలన్నింటినీ చూస్తుంది కాబట్టి తీరానికి అవతల సముద్రమంతటా ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పక్షి తీరం దగ్గర వెనుతిరుగుతుందా, ఆగిపోతుందా, గెంతే మానుకుంటుందా? ఒక్కో జవాబుకు ఒక్కో సమీకరణం. ద్వీపసమూహంలో హద్దే ముఖ్యమైన విషయం. దాన్ని పాదసూచికలో పెట్టి దాటవేయడానికి వీల్లేదు.

గలాథియా తీరం వద్ద

ఇదంతా గణితజ్ఞుల కలహమని మీరు అనుకోవచ్చు. కాని గ్రేట్ నికోబార్ దక్షిణాన గలాథియా అఖాతం ఉంది. లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరాలలో అదొకటి. అక్కడి అభయారణ్యాన్ని 2021 జనవరిలో ఆ జాబితా నుంచి తొలగించారు. ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం కలిసిన పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. అదే ఏడాది లిటిల్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్‌ల కోసం కొత్త అభయారణ్యాన్ని ప్రకటించారు. లిటిల్ నికోబార్ తీరాలలో ఇప్పటికే ఈ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటికి రక్షణ దొరకడం మంచిదే. కాని ఒక తీరానికి మరొక తీరం బదులుకాగలదా అన్నది వేరే ప్రశ్న.

తాబేళ్ళను వ్యాపించే కణాలుగా చూస్తే జవాబు సులభం. ఒకచోట తలుపు మూస్తే గుంపు మరోచోటికి సర్దుకుంటుంది. సమీకరణంలో అన్ని చోట్లూ ఒక్కటే, చోటుకు పేరు లేదు. తాబేలుకు మాత్రం ఉంది. లెదర్‌బ్యాక్‌లు ఇతర సముద్రపు తాబేళ్ళంత పట్టుదలగా ఒకే తీరాన్ని అంటిపెట్టుకోవు, దగ్గరి తీరాల మధ్య మారుతుంటాయన్నది నిజం. సునామీ తీరాలను తుడిచివేశాక అవి నిలదొక్కుకోవడంలో ఆ గుణం సాయపడి ఉండవచ్చు. అయితే సునామీ తీసుకుపోయిన ఇసుకను సముద్రం మళ్ళీ తెచ్చిపెట్టింది. రేవు కట్టిన తీరానికి అలా తెచ్చిపెట్టదు. ఎన్ని తాబేళ్ళు, ఎన్నేళ్ళలో, ఏ తీరానికి మారతాయో తెలియాలంటే, గూళ్ళ దగ్గర రాత్రులు కాపు కాసి ఒక్కొక్క తాబేలును గుర్తుపట్టే పనే దిక్కు. పడమటికి వెళ్ళిన తాబేలు ఘాతాంకం అందుకు ఏమాత్రం సాయపడదు. ఘాతాంకం నడిసముద్రపు కదలికను క్లుప్తంగా చెబుతుంది. తీరాన్ని ఎంచుకోవడం వేరే సంఘటన.

కాబట్టి ఇక ముందు ఏ జంతువుకో లెవీ నడక ఉందని, దాని దారి భిన్న సమీకరణానికి లొంగిందని మీరు చదివితే, రచయితలను కొన్ని ప్రశ్నలు అడగండి. ఎన్ని జంతువులు, ఎంత కాలం? నీటినో గాలినో తీసివేసి చూశారా? సంకేతం అందని ఖాళీలను ఏం చేశారు? మామూలు నడకలు కలిపిన నమూనాతో పోల్చి చూశారా, లేక లెవీ ఒక్కదానినే పరీక్షించారా? హద్దు దగ్గర ఏం జరుగుతుందని అనుకున్నారు? ఈ ప్రశ్నలన్నింటికీ జవాబున్న వ్యాసాన్ని గౌరవించండి. అలాంటివి కూడా ఉన్నాయి. ఆహారం పలచబడినచోట కదలిక తీరు మారుతుందని చూపిన 2010 నాటి పని అటువంటిదే. అందులో ఘాతాంకం జంతువు గురించి ఒక ప్రశ్నను లేవనెత్తింది, జవాబు కోసం మళ్ళీ సముద్రం వైపే చూసింది.

రాస్ దోమల లెక్క వేసింది ఏ గుంటలు పూడ్చాలో తేల్చుకోవడానికి. ఆయన ముందు ఒక ఊరూ, దాని చుట్టూ గుంటలూ ఉన్నాయి. లిటిల్ అండమాన్ తాబేళ్ళ విషయంలోనూ లెక్క ఆ క్రమంలోనే సాగాలి. ముందు ఏ తీరం గురించి, ఏ నిర్ణయం కోసం అడుగుతున్నామో చెప్పాలి. ఆ తర్వాతే అవకలజం పూర్ణసంఖ్యదా, భిన్నానిదా అన్న చర్చ.